ఎడమ సీటు నుంచి రేస్ ట్రాక్ దాకా

కారు రేసులు నేర్చుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడితే, నాంపల్లి నుంచి చెన్నై వెళ్ళి రావడం ఏమంత కష్టం కాదు. బండి దొరుకుతుంది, తిండి దొరుకుతుంది, పడుకోవడానికి గది దొరుకుతుంది. వెళ్ళొచ్చాను కాబట్టి దారి చెప్పగలను. వెళ్ళిన పని కాలేదు కాబట్టి, అది ఎందుకు కాలేదో కూడా చెప్పాలి. అంతా చదివాక కూడా వెళ్ళాలనిపిస్తే నిక్షేపంగా వెళ్ళండి.

నేను స్టేషన్ రోడ్డులో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పుతాను. ఈ పనిలో చేరి పదిహేనేళ్ళు దాటింది. డ్రైవింగ్ స్కూలు కారు ఎక్కినవాళ్ళకి తెలిసే ఉంటుంది, నేర్చుకునే మనిషి కుడివైపు స్టీరింగ్ ముందు కూర్చుంటే నేర్పే మనిషి ఎడమవైపు కూర్చుంటుంది. ఆ ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ బిగించి ఉంటాయి. ఆక్సిలరేటర్ మాత్రం ఉండదు. స్కూటర్ అడ్డం వచ్చినా, ఆటో ఉన్నట్టుండి ఆగినా, పక్కనున్నావిడ భయంతో కళ్ళు మూసుకున్నా, మేం చెయ్యగలిగింది కారు ఆపడం ఒక్కటే. అబిడ్స్ సర్కిల్ దగ్గర నేను ఎన్నిసార్లు బ్రేక్ తొక్కి ఉంటానో ఆ దేవుడికే తెలియాలి.

మాకు సొంత కారు లేదు. అమ్మా నేనూ ఆగాపురాలో చిన్న ఇంట్లో ఉంటాం. మా తాతగారు బందరు మనిషి, కర్నూలు నుంచి రాజధానితో పాటు ఈ ఊరొచ్చిన గుమాస్తా. ఆయన సైకిలు మీద, నాన్న స్కూటరు మీద ఉద్యోగాలు వెళ్ళదీశారు. స్కూలు కారేమో ఎప్పుడూ ఎవరో ఒక స్టూడెంట్ చేతిలో ఉంటుంది. కారు నేర్పి బతికే మనిషి ఒంటరిగా కారు నడిపి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేదంటే నవ్వుతారు గానీ, నా సంగతి అదే.

ఒక ఆదివారం పొద్దున్నే కారు సర్వీసింగ్‌కి గౌలిగూడ మెకానిక్ దగ్గర వదిలి రావాల్సి వచ్చింది. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్ళు ఇంకా మూటలు విప్పలేదు. జీపీవో ముందు రోడ్డు బోసిగా ఉంది. స్టీరింగ్ దగ్గర నేను, పక్క సీటులో ఎవరూ లేరు. కుడికాలు కొంచెం గట్టిగా నొక్కాను. కోఠీ దాటేదాకా మళ్ళీ ఎత్తలేదు. మెకానిక్ షట్టర్ ముందు దిగేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. అది సంతోషమో, ఇన్నాళ్ళూ పోగొట్టుకున్న దానికి ఏడుపో నాకే అర్థం కాలేదు.

ఆ మాట డాక్టర్ సుజాత గారికి చెప్పాను. ఆవిడ నా పాత స్టూడెంట్. చిరాగ్ అలీ లేన్‌లో మేడ మీద క్లినిక్ నడుపుతారు. "మా తమ్ముడు చెన్నైలో రేసు కోర్సు చేసొచ్చాడు ఉమ గారూ. రెండు రోజులు నేర్పి, చివర్లో పరీక్ష పెడతారు. పాసైతే ఇచ్చే సర్టిఫికెట్‌తో రేసు లైసెన్సుకి పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కొత్తవాళ్ళ రేసుల్లో దిగొచ్చు. మామూలు లైసెన్సు ఉండి ఒళ్ళు బాగుంటే చాలట," అన్నారు. ఆ మాట నాలో పాతుకుపోయింది. పెళ్ళి గురించి, ఇల్లు గురించి, ప్రభుత్వ ఉద్యోగం గురించి చాలామంది చాలా చెప్పారు గానీ, ఏదీ ఇంతలా పట్టుకోలేదు.

బయలుదేరే ముందు చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, అందులో బ్లడ్ గ్రూప్ తప్పకుండా రాయించాలి. నాది సుజాత గారే చూశారు. "గుండె భేషుగ్గా ఉంది. బీపీ మాత్రం కాస్త ఎక్కువుంది, మా అందరి పుణ్యం," అని నవ్వి సంతకం పెట్టారు. లోపల వేసుకునేవన్నీ నూలువే ఉండాలి. మంట అంటుకుంటే నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుపోతుందట. అబిడ్స్‌లో నూలు బనీన్లు, సాక్సులు, అడుగు పల్చగా ఉన్న బూట్లు కొన్నాను. హెల్మెట్ మాత్రం ఇక్కడ కొనకండి. మన స్కూటర్ హెల్మెట్లు కారు రేసుకి పనికిరావు. హెల్మెట్, మంటలకి తట్టుకునే సూటు ట్రాక్ దగ్గరే కిరాయికి ఇస్తారు. కోర్సు ఫీజు సంగతి అడక్కండి, రెండుసార్లు కట్టే స్తోమత నాకు లేదు.

సెలవు అడిగినప్పుడు స్కూలు ఓనరు నర్సింగన్న టీ గ్లాసు కింద పెట్టి నా మొహం చూశాడు. పాతకాలపు నాంపల్లి మనిషి. నోరు పెద్దదేగానీ మనసులో ఏమీ ఉంచుకోడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా ఉమా? గీడ ఉన్న ట్రాఫిక్ చాలదా? గాడికి పోయి ఉర్కాల్నా?"

"ఒక్కసారే అన్నా. వచ్చేస్తాను."

"పో. నీ బ్యాచులు నేను జూసుకుంట. గా కోర్టు పిల్ల స్వప్నకు గూడ నేనే చెప్త."

స్వప్న నాంపల్లి కోర్టులో టైపిస్టు. మూడు నెలలుగా నా దగ్గర నేర్చుకుంటోంది. ఖాళీ మైదానంలో లైసెన్సు పరీక్ష ఎలాగో పాసైంది, కార్డు ఇంకా చేతికి రాలేదు. అబిడ్స్ సర్కిల్ వచ్చిందంటే ఆ పిల్ల చేతులకి చెమటలు పడతాయి. కారు అక్కడే ఆగిపోతుంది, వెనక హారన్లు మోగుతాయి, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నర్సింగన్నకి ఓపిక తక్కువ. నేను లేకపోతే ఈ పిల్ల ఏమవుతుందోనని నిజంగానే దిగులు పడ్డాను.

బయలుదేరే రోజు స్కూలు దగ్గరికి వెళ్తే షట్టర్ మీద ఫ్లెక్సీ వేలాడుతోంది. ఎవరిదో సూటు వేసుకున్న ఒంటి మీద నా పాస్‌పోర్ట్ ఫోటోలోని తల అతికించారు. చేతిలో ఎర్ర హెల్మెట్. 'రేసర్ మేడం గారిచే మహిళలకు ప్రత్యేక శిక్షణ' అని కింద పెద్ద అక్షరాలు. తల తీసేసినట్టయింది.

"సర్టిఫికెట్ వచ్చాక పెట్టుకోవచ్చు కదన్నా."

"వస్తది. నీకు రాకుంటే ఎవలికొస్తది? ఏం ఫికర్ చెయ్యకు."

ఆ రోజు సాయంత్రం అమ్మ పెరుగన్నం, పులిహోర డబ్బాల్లో సర్ది ఇచ్చింది. "ఊరందరికీ నేర్పేదానివి, నీకు మళ్ళీ ఇంకొకళ్ళు నేర్పాలిటే?" అని మాత్రం అంది. ఆటోలో నాంపల్లి స్టేషన్‌కి పది నిమిషాలు పట్టింది. దారిలో ఆ ఆటోవాడు సడన్ బ్రేక్ వేసిన ప్రతిసారీ నా పాదం కూడా కింద రేకు మీద నొక్కుకుంటూనే ఉంది. అది నాకు మామూలే. సినిమా చూస్తున్నా, బస్సులో కూర్చున్నా ఆ కాలు ఊరుకోదు.

చెన్నై బండి సాయంత్రం ఆరు దాటాక కదిలింది. స్లీపర్‌లో కింద బెర్తు దొరికింది. ఎదురు బెర్తులో బేగంబజార్ పెద్దమనిషి ఒకాయన, ఎండుమిర్చి, ధనియాల టోకు వ్యాపారం. ఆయన సంచీ దగ్గర కూర్చున్నవాళ్ళందరూ సికింద్రాబాద్ వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నారు. ఏ పని మీద వెళ్తున్నానని అడిగితే రేసు నేర్చుకోవడానికని చెప్పాను.

"రేసంటే మలక్‌పేటల గుర్రాలు ఉర్కుతయి గదమ్మా. మద్రాసు దాంక ఎందుకు?"

"గుర్రాలు కాదండీ, కార్లు."

"కార్లు గిట్ల ఉర్కిపిస్తే చివరికి ఏడికి చేరుతరు?"

"ఎక్కడికీ చేరరండీ. బయలుదేరిన చోటికే తిరిగొస్తారు."

"అరే, గట్లయితే ఇంట్లనే ఉండొచ్చు గద," అని దుప్పటి కప్పుకున్నాడు. నవ్వాను. అప్పుడు నవ్వగలిగాను.

పొద్దున్నే చెన్నై సెంట్రల్‌లో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, మెట్రోలో కోయంబేడు వెళ్ళి, అక్కడ కాంచీపురం బస్సు ఎక్కాను. కండక్టరుకి శ్రీపెరంబుదూరు ముందు రేస్ ట్రాక్ దగ్గర దింపమంటే చాలు, భాష రాకపోయినా అర్థమవుతుంది. హైవే మీద దిగి కొంత దూరం ఎండలో నడవాలి. నీళ్ళ సీసా మర్చిపోకండి. గేటు దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి ఇంజన్ల మోత వినిపించింది. అబిడ్స్‌లో పుట్టి పెరిగిన చెవులకి మోత కొత్త కాదు గానీ, ఇందులో హారన్ లేదు. అది వింటే ఒళ్ళు ఝల్లుమంది.

మొత్తం ఎనిమిది మందిమి చేరాం, అందులో ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో అమ్మాయి కావ్య, నెల్లూరు పిల్ల, చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతోంది. నన్ను చూడగానే "ఆంటీ, మీరెవరితో వచ్చారు?" అంది. నేనే నేర్చుకోవడానికి వచ్చానంటే కళ్ళు పెద్దవి చేసి, "సూపర్ ఆంటీ," అంది. సూటు వేసుకునేటప్పుడు నగలన్నీ తీసెయ్యాలన్నారు. నా ముక్కుపుడక పదేళ్ళుగా తియ్యనిది. సబ్బు నీళ్ళు పెట్టి కావ్యే ఓపికగా తీసిపెట్టింది.

నేర్పే ఆయన పేరు సెల్వం. జుట్టు నెరిసింది, మాట నెమ్మది. తల్లిది చిత్తూరు వైపు నగరి కావడంతో మాతో తెలుగులోనే మాట్లాడాడు. పొద్దున్నంతా క్లాసు. మలుపు దగ్గర కారు ఏ వైపు నుంచి ఏ వైపుకి పోవాలి, బ్రేక్ ఎక్కడ తొక్కాలి, ఎక్కడ వదలాలి అన్నీ బోర్డు మీద గీసి చూపించాడు. తర్వాత జెండాలు. నీలం చూపిస్తే వెనక వేగంగా వచ్చే కారుకి దారివ్వాలి. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉందని అర్థం, వేగం తగ్గించి, ఎవరినీ దాటకుండా సాగిపోవాలి. ఎర్రది చూపిస్తే అందరూ నెమ్మదిగా వెనక్కి రావాలి.

"ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి," అన్నాడు. "ఏం జరిగినా ట్రాక్ మీద ఆగకూడదు. కారు దిగకూడదు. మంట లేస్తే తప్ప దిగకూడదు. పడినవాళ్ళని చూసుకునేదానికి మా మనుషులు ఉండారు."

రాత పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. ఆ ప్రశ్న కూడా అందులో ఉంది. ఆగకూడదు, దిగకూడదు అని రెండు లైన్లలో రాశాను.

మధ్యాహ్నం సాంబారన్నం తిన్నాక కార్లు ఎక్కించారు. మామూలు కార్లే, వెనక సీట్లు పీకేసి లోపల ఇనుప గొట్టాలు బిగించారు. భుజాల మీంచి, నడుం చుట్టూ, కాళ్ళ మధ్య నుంచి బెల్టులు బిగిస్తే ఊపిరి కూడా అడిగి తీసుకోవాలి. నేను కుడివైపు కూర్చున్నాను. సెల్వం గారు ఎడమవైపు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ఆయన కాళ్ళ దగ్గర చూశాను. అక్కడ బ్రేక్ లేదు. ఉత్త రేకు.

"మీ వైపు బ్రేకు లేదేంటండీ?"

"నాకెందుకమ్మా? నడిపేది మీరు కదా," అన్నాడు.

పక్కన కూర్చున్న మనిషి ప్రాణం నా చేతిలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మలుపుకి ముందు రోడ్డు పక్కన దూరం చెప్పే బోర్డులు ఉంటాయి. చివరి బోర్డు దాకా వెళ్ళి అప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కాలి. నేను మొదటి బోర్డు కనిపించకముందే తొక్కేశాను. ప్రతి మలుపు దగ్గరా అదే వరస. "ముందే తొక్కేస్తా ఉండారమ్మా. రోడ్డు మీద ఎవురూ లేరు. పోండి," అంటూనే ఉన్నాడు సెల్వం గారు. నాకూ తెలుసు. అక్కడ ఆటో లేదు, చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని దాటే తల్లి లేదు, తోపుడుబండి లేదు. కళ్ళకి తెలుసు, కాలికి తెలియదు. ఆ సాయంత్రం ఎవరెంత వేగమో రాసిన కాగితం గోడ మీద అంటించారు. అందరి పేర్ల కింద నా పేరుంది.

హైవే పక్కనే లాడ్జిలో గది తీసుకున్నాను. శుభ్రంగానే ఉంటుంది, లారీల మోతకి ఓర్చుకోగలిగితే దిగొచ్చు. మంచం మీద కూర్చుని, చెప్పులు విప్పి, నేల మీద కుడిపాదం పెట్టి కళ్ళు మూసుకుని మలుపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి తలుచుకున్నాను. ఇంకా, ఇంకా, ఇప్పుడు తొక్కు అని పైకే చెప్పుకున్నాను. నా స్టూడెంట్లకి నేను చెప్పే గొంతుతోనే చెప్పుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే బాగా నడుపుతున్నానని అబద్ధం చెప్పాను.

రెండో రోజు పొద్దున పక్కన ఎవరూ లేకుండా పంపారు. మొదటి రెండు రౌండ్లూ మామూలే. మూడో రౌండ్‌లో, పొడుగాటి దారి చివర పెద్ద మలుపు దగ్గర, పళ్ళు బిగించి కాలు ఎత్తకుండా ఉంచాను. ఒక బోర్డు పోయింది. ఇంకో బోర్డు పోయింది. చివరి బోర్డు దగ్గర తొక్కి, తిప్పి, వదిలాను. కారు మలుపులోంచి నన్ను మోసుకుంటూ బయటికొచ్చింది. హెల్మెట్ లోపల గట్టిగా నవ్వాను. ఇదివరకు అలా నవ్విన గుర్తు లేదు. తిరిగొచ్చాక సెల్వం గారు బొటనవేలు ఎత్తి చూపించాడు. "ఇట్లే నడపండి చాలు, సాయంత్రం సర్టిఫికెట్ మీదే," అన్నాడు.

ఆ గంట గురించి ఇంకా రాయాలనుంది. కానీ అంతకు మించి ఏమీ లేదు. నా ఆనందం అక్కడితో సరి.

మధ్యాహ్నం పరీక్ష. ఎనిమిది కార్లూ ఒకేసారి వదిలారు. నా ముందు కావ్య వెళ్తోంది. ఆ పిల్ల బాగా నడుపుతుంది, కాకపోతే దూకుడెక్కువ. రెండు రౌండ్లు ఆ కారు వెనకే హాయిగా సాగాను. మూడోసారి మలుపులో ఆ కారు వెనక చక్రాలు జారాయి. గిర్రున తిరిగి, రోడ్డు దాటి, కంకరలోకి పోయి దుమ్ములో ఆగిపోయింది. పక్కన నిలబడ్డ మనిషి పసుపు జెండా ఊపాడు.

ఆ తర్వాత నేను చేసిందంతా నాకు గుర్తుంది, నిర్ణయించుకున్నట్టు మాత్రం గుర్తులేదు. బ్రేక్ తొక్కాను. కారు పూర్తిగా ఆగింది. హ్యాండ్ బ్రేక్ లాగాను. అలవాటుగా పార్కింగ్ లైట్ల బటన్ కోసం వెతికాను, అది ఆ కారులో లేదు. బెల్టులు విప్పి, తలుపు తీసి, "ఏం కాలేదు, ఏం కాలేదు, స్టీరింగ్ వదిలెయ్," అని అరుస్తూ కంకరలోకి పరిగెత్తాను. తొట్రుపడిన ప్రతి స్టూడెంట్‌కీ నేను చెప్పేది ఆ మాటే. నా వెనక టైర్లు కీచుమన్నాయి. మలుపు తిరిగొచ్చిన కారు, దారికి అడ్డంగా ఉన్న నా ఖాళీ కారుని చూసి పక్కకి కోసుకుని, వెంట్రుకవాసిలో తప్పించుకుని గడ్డిలోకి పోయింది. ఎర్ర జెండాలు లేచాయి.

కావ్యకి దెబ్బ తగల్లేదు. హెల్మెట్ అద్దం పైకెత్తి, నన్ను చూసి, అర్థం కానట్టు మొహం పెట్టింది.

"ఎందుకు ఆపారాంటీ? నాకేం కాలేదుగా."

గడ్డిలోకి పోయిన కారులోని కుర్రాడు బెంగళూరు వాడు. దిగి నా వైపు చూశాడు. వంగి చక్రాల్లో ఇరుక్కున్న గడ్డి పీకడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

సెల్వం గారు నన్ను పక్కకి పిలిచి నీళ్ళిచ్చాడు. నేను తాగేదాకా ఆగాడు.

"మీ వెనక వచ్చిన అబ్బాయి మిమ్మల్ని గుద్దేసి ఉంటే ఏమయ్యేది? వాడు పోయి ఉంటే?"

"రూలు నాకు తెలుసండీ. నేనే రాశాను."

"తెలుసు. అందుకే సర్టిఫికెట్ ఇవ్వలేను. తెలియనివాళ్ళకైతే మళ్ళీ చెప్పొచ్చు," అన్నాడు. నీళ్ళ సీసాకి మూత పెట్టి అన్నాడు, "పక్కన ఎవురూ లేకపోయినా మీరు ఎవురికోసమో తొక్కతానే ఉండారమ్మా."

మళ్ళీ రావచ్చా అని అడిగాను. మొదటి నుంచీ ఫీజు కట్టి రావచ్చన్నాడు. తన అభిప్రాయం అడిగితే మాత్రం వద్దంటానన్నాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, జాలి ఉంది. సూటు విప్పి, మడతపెట్టి, హెల్మెట్ పక్కన పెట్టాను. ముక్కుపుడక పెట్టుకుందామంటే దారి దొరకలేదు. పర్సులో వేసుకున్నాను.

తిరుగు బండి కూడా సాయంత్రానిదే. ఎదురుగా తెనాలి దగ్గర దిగాల్సిన పెద్దావిడ కూర్చుంది. అరిటాకులో కట్టిన నిమ్మకాయ పులిహోర నాకూ కొంచెం పెట్టింది. ఎందుకొచ్చావమ్మా అని అడిగింది. కారు నేర్చుకోవడానికని చెప్పాను.

"వచ్చేసిందా మరి?"

"రాలేదండీ."

"పోన్లే తల్లీ. అందరికీ రావాలని ఏముంది," అంది. ఓదార్చడానికే అంది పాపం. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. రెండు రోజుల్లో రానిది మూడో రోజు వస్తుందని నాకు నేను చెప్పుకోవాలని చూశాను. ఈ పదిహేనేళ్ళలో ఎందరికో ఆ మాట చెప్పాను, వాళ్ళు నమ్మారు కూడా. నేను నమ్మలేకపోయాను. రాకపోవడం వేరు, వచ్చింది పాడైపోవడం వేరు. నా కాలిని నేనే పాడుచేసుకున్నాను, అదీ జీతం తీసుకుని.

మర్నాడు బండి ఆలస్యంగా నాంపల్లి చేరింది. సంచీ భుజాన వేసుకుని బయటికొస్తే, ఆటోల వరస పక్కన మా స్కూలు కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర స్వప్న. పక్క సీటు ఖాళీ.

"ఒక్కదానివే వచ్చావా?"

"ఔ మేడం. లైసెన్స్ నిన్ననే వచ్చింది. అన్న పోయి తీస్కరమ్మన్నడు. బ్యాచ్ టైం అయితాంది అన్నడు." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "మీరు పోయినకాడికెల్లి అన్న నా పక్కకు కూసుండి ఫోన్లనే మాట్లాడిండు మేడం. ఒక్కసారి గూడ బ్రేకు తొక్కలే. ఫస్టు రోజు మస్తు భయమైంది. తర్వాత నాకే అలవాటైంది. అబిడ్స్ సర్కిల్ గూడ ఆగకుండ దాటిన."

మంచిదన్నాను. సంచీ వెనక పడేసి ఎడమవైపు ఎక్కాను. ఆవిడ రేసు సంగతి అడగలేదు. ఫ్లెక్సీ చూసిన మనిషి, సర్టిఫికెట్ వచ్చే ఉంటుందనుకుని ఉంటుంది.

స్టేషన్ రోడ్డు పొద్దుటి రద్దీతో కిటకిటలాడుతోంది. స్వప్న తడుముకోకుండా గేరు మార్చింది. చాయ్ బండి పక్కనుంచి, సిటీ బస్సు వెనకనుంచి ఒడుపుగా తప్పించుకుని ముందుకొచ్చింది. చేతులకి చెమట లేదు. మూడు నెలలు నేను పక్కన కూర్చుని ఇవ్వలేనిది, నేను లేని ఈ నాలుగు పూటల్లో దొరికేసింది. ఎంతమందికి ఇలా అడ్డం కూర్చున్నానో తెలియదు. వాళ్ళంతా నాకు దండాలు పెట్టి, మిఠాయి డబ్బాలిచ్చి వెళ్ళారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చెప్పాల్సినవన్నీ చెప్పాననే అనుకుంటున్నాను. నూలు సాక్సులు, బ్లడ్ గ్రూప్, నీళ్ళ సీసా. ట్రాక్ మంచిది, నేర్పేవాళ్ళు మంచివాళ్ళు. అక్కడ లోపమేమీ లేదు.

దూరంగా మా షట్టర్ మీద ఎర్ర హెల్మెట్ పట్టుకున్న నా తల కనిపించింది. అప్పుడే కారు కుదుపుతో ఆగిపోయింది. ఇంజన్ చచ్చిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. స్వప్న ముందుకి చూసింది, పక్కకి చూసింది.

"ఏమైంది మేడం? ముంగట ఎవ్వలు లేరు గదా?"

నిజమే, ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు. ఆవిడ భయపడకుండా మళ్ళీ స్టార్ట్ చేసి, గేరు వేసి, నెమ్మదిగా ఆక్సిలరేటర్ ఇచ్చింది. కారు మూలిగిందిగానీ కదల్లేదు. స్వప్న వంగి నా కాళ్ళ వైపు చూసింది. తర్వాత, నేను ఆవిడతో మాట్లాడే గొంతుతోనే, మెత్తగా అంది.

"మేడం, జర కాలు తీయుండ్రి."